మాస్కుకు బదులు బెల్లం

మట్టితో మనిషిని చేసి, ఆ మట్టి ముక్కులో తన సొంత ఊపిరి ఊదిన దేవునికి స్తోత్రం. ఆకాశానికీ భూమికీ నడుమ గాలిని పరిచి, ఇది ధనవంతుని వంతు, ఇది పేదవాని వంతు అని అందులో గీత గీయని న్యాయాధిపతికి స్తోత్రం. ఊపిరి ఇచ్చినవాడు ఆయనే, దాని గురించి జవాబు అడిగేవాడూ ఆయనే. ఆయన అడుగుతాడన్న నమ్మకంతోనే ఇది రాస్తున్నాను.

ఇప్పటికీ ఆదివారం పొద్దున మందిరానికి నడిచి వెళ్తుంటే గోదావరిఖని చౌరస్తా దగ్గర ఏదో ఒక బొగ్గు లారీ అడ్డొచ్చిన ఆటోను చూసి గట్టిగా బ్రేకు కొడుతుంది. చక్రాల లోపలి నుంచి ఒక వాసన లేస్తుంది. కాలిన వెంట్రుకలూ ఎర్రగా కాగిన ఇనుమూ కలిసినట్టుండే ఆ వాసన నా పక్కన నడిచేవాళ్ళకు లారీ వాసన, నాకు మా నాన్న చొక్కా వాసన. అది తగలగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటాను. వెంటనే ప్రకాశం సేటు గుర్తొస్తాడు. ఇక మందిరం మెట్లెక్కేదాకా నా నోట ప్రార్థన నిలవదు. ఆ మనిషి మా నాన్న గురించి మా చర్చి సంఘం ముందు ఒక అబద్ధం చెప్పాడు. అదే సంఘం ముందు, అదే నోటితో దాన్ని వెనక్కి తీసుకోవాలని నేను లంగా జాకెట్టు తొడుక్కునే వయసు నుంచి ఎదురుచూస్తున్నాను. క్షమించమని వాక్యం చెప్తుందని నాకు తెలియక కాదు, ఆదివారపు బడిలో పిల్లలకు దాన్ని నేర్పేదాన్ని నేనే. కానీ క్షమాపణ ఉన్న పేజీల్లోనే ఒప్పుకోలు కూడా ఉంది. దాన్ని దాటేసి చదవడం నాకు చేతకాదు.

మా నాన్న పేరు దేవదానం, అమ్మ పేరు రూతమ్మ. మాది బాయి కుటుంబం కాదు. బొగ్గు గనిని మా దగ్గర బాయి అంటారు. బాయిలో పనిచేసేవాళ్ళకు కంపెనీ క్వార్టరు, కంపెనీ దవాఖాన, సైరన్ మోగితే షిఫ్టు, మళ్ళీ మోగితే ఇల్లు. మేము ఆ క్వార్టర్ల వెనక సందులో, రేకుల కప్పు ఉన్న ఒక్క గది అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. నాన్న ప్రకాశం సేటు లారీల షెడ్డులో మెకానిక్కు. బొగ్గు మోసే లారీల బ్రేకులు విప్పి, అరిగిన లైనింగు పీకేసి, కొత్తది బిగించి, గ్రైండరు రాయి మీద నున్నగా అరగదీయడం ఆయన పని.

మా చిన్నతనమంతా దుమ్ములోనే గడిచింది, అయినా అది మాకు శత్రువని ఎవరూ చెప్పలేదు. చలికాలం పొద్దున ప్రతి గుమ్మం ముందూ బొగ్గుల పొయ్యి రాజేస్తే సందంతా తెల్లటి పొగతో నిండిపోయి ఎదుటి ఇల్లు కనిపించేది కాదు, ఆ పొగలో మేము ఒకరి జడలు ఒకరం లాగి పరుగెత్తేవాళ్ళం. ఎండాకాలం నేల మీద కాలు పెట్టలేనంత వేడిలో అడవి నుంచి గంపల్లో తునికి పండ్లూ మొర్రి పండ్లూ వచ్చేవి, వాటి మీద కూడా పలచగా బొగ్గు పొడి ఉండేది, లంగాకు తుడిచి తినేవాళ్ళం. వానాకాలం సందులో నల్ల బురద, ఆ బురద ఎండిన చోట ఎర్రని ఆరుద్ర పురుగులు. మధ్యాహ్నం నేల పైనుంచి తవ్వే ఓపెన్ కాస్టు బాయిలో బ్లాస్టింగు జరిగితే గిన్నెల మీది మూతలు గలగలమనేవి, ఆ శబ్దం వచ్చేవరకు నోట్లో నీళ్ళు పట్టుకుని నవ్వకుండా ఉన్నవాళ్ళదే గెలుపు. పవర్ హౌస్ వైపు నుంచి గాలి వీస్తే తీగ మీది బట్టల మీద బూడిద వాలేది. అమ్మ తెల్ల బట్టలు మాత్రం గదిలోనే ఆరేసేది, ఎందుకంటే అవి మందిరానికి కట్టుకునేవి.

పక్కింట్లో లచ్చక్క ఉండేది. ఆమె భర్త కొమురయ్య కూడా అదే షెడ్డులో వెల్డింగు పని చేసేవాడు. బతుకమ్మ రోజుల్లో లచ్చక్క తంగేడు, గునుగు పూలు పేర్చి, సత్తుపిండి ముద్దలు మా కంచంలో పెట్టి పోయేది. క్రిస్మస్ ముందు అమ్మ వేసిన సకినాలు లచ్చక్క ఇంటికి డబ్బా నిండా పోయేవి. ఇద్దరూ సాయంత్రం గుమ్మాల ముందు నిలబడి, మొగుళ్ళ పని బట్టలు రెండు చేతులా పట్టుకుని టపటపా దులిపి, ఆ తర్వాతే నీళ్ళలో వేసేవాళ్ళు. లేకపోతే బకెట్టు అడుగున బురద పేరుకునేది. అలా దులిపేటప్పుడు లేచే దుమ్ము సాయంత్రపు ఎండలో మెరిసేది. మేము దాని కిందే కచ్చకాయలు ఆడుకునేవాళ్ళం.

బాయి నుంచి వచ్చేవాళ్ళు నల్లగా వచ్చేవాళ్ళు, నాన్న బూడిద రంగులో వచ్చేవాడు. కనుబొమ్మలు, చెవుల మీది వెంట్రుకలు, మెడ మడతలు అన్నీ తెల్లబారి, పొద్దున పోయిన మనిషి సాయంత్రానికి ముసలివాడై వచ్చినట్టుండేది. వచ్చి జేబులోంచి కాగితం పొట్లం తీసేవాడు. అందులో బెల్లం ముక్క.

ఆ బెల్లం గురించి చెప్పాలి. దుమ్ములో పనిచేసేవాళ్ళు బెల్లం తింటే గొంతులోకి పోయిన దుమ్ము కిందికి జారిపోతుందని మా దగ్గర అందరూ నమ్మేవాళ్ళు. ప్రకాశం సేటు ఆ నమ్మకాన్ని గట్టిగా పట్టుకున్నాడు. సాయంత్రం పని అయ్యాక పనివాళ్ళను వరసగా నిలబెట్టి, కళ్ళు మూసుకుని, తన చేత ఈ మేలు చేయిస్తున్నందుకు దేవునికి కృతజ్ఞత చెప్పి, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ముక్క పెట్టేవాడు. ముఖానికి బిగుతుగా ఉండే మాస్కులు కొనలేదు. రాయి దగ్గర దుమ్మును లాగేసే ఫ్యాను పెట్టలేదు. బెల్లం పెట్టాడు.

"సేటు బెల్లం వెట్టి మనల్ని ఈగల లెక్క జమ జేస్తుండు," అని కొమురయ్య ఒకసారి మా గుమ్మంలో కూర్చుని అన్నాడు.

"ఈగలే నయం కాకా," అన్నాడు నాన్న. "తిని ఎగిరిపోతయ్. మనం మళ్ళ పొద్దుగాల్నే పోవాలె."

ఇద్దరూ నవ్వారు. నవ్వు చివర కొమురయ్యకు దగ్గు వచ్చింది. నాన్నకు అప్పటికింకా రాలేదు.

నాన్న తన ముక్క తినకుండా నాకు తెచ్చేవాడు. నా చిన్నతనంలో తీపి అంటే అదే. నేను తిన్నందుకు నాకు ఏ బాధా లేదు, ఆయన తిన్నా ఒరిగేదేమీ లేదని తర్వాత తెలిసింది.

బడి లేని రోజు నేనే నాన్నకు సద్ది తీసుకెళ్ళేదాన్ని. షెడ్డు లోపల గాలి పైపుతో బ్రేకు డ్రమ్ముల్లోకి బుస్సుమని గాలి కొట్టేవాళ్ళు, పాత లైనింగు పొడి మేఘంలా లేచి రేకుల సందుల్లోంచి పడే ఎండ కడ్డీల్లో నిదానంగా తిరిగేది. రాయి మీద కొత్త లైనింగు పెడితే ఇంకో రకం పొడి, మెత్తగా, పిండిలా. కొమురయ్య వెల్డింగు పొగ నీలంగా పైకి పోయి రేకుల కింద ఆగిపోయేది. అందరూ ముఖాలకు తువ్వాలలు కట్టుకునేవాళ్ళు. పొద్దున తడిపి కట్టిన తువ్వాల మధ్యాహ్నానికి ఎండి అట్టలా అయ్యేది. సేటు ఒక మూలన అద్దాల గదిలో కూర్చునేవాడు. దాని తలుపు ఎప్పుడూ మూసే ఉండేది. గాలిని బయటికి లాగే ఫ్యాను ఆ షెడ్డు మొత్తానికి ఒక్కటే ఉండేది, అది ఆ గది గోడకే ఉండేది.

ఇప్పుడు నాన్న గొంతు సంగతి. మా సంఘంలో పాట ఎత్తేవాడు నాన్నే. డోలక్కు, తాళాలు తప్ప ఏమీ లేని ఆ రోజుల్లో ఆయన గొంతే మాకు వాద్యం. డిసెంబరులో క్యారల్స్ కోసం పొద్దుగూకగానే మందిరం నుంచి బయలుదేరి క్వార్టరు క్వార్టరు ముందు ఆగి పాడేవాళ్ళం. నాన్న చివరి చరణం చివరి మాటను లాగుతూ ఉంటే పిల్లలందరం ఆయనతో పాటు లాగాలని ప్రయత్నించి, ఒకరి తర్వాత ఒకరం ఊపిరి అయిపోయి నవ్వేసేవాళ్ళం. ఆయన గొంతు మాత్రం ఇంకా సాగుతూనే ఉండేది. లోపలి నుంచి ఎవరో ఒకరు వచ్చి మా చేతుల్లో గారెలో, కేకు ముక్కలో పెట్టేదాకా ఆపేవాడు కాదు. హిందువుల ఇళ్ళ వాళ్ళు కూడా "దేవదానం వచ్చిండా?" అని తలుపు తీసేవాళ్ళు.

ఒక క్రిస్మస్‌కు ఆయన ఆ చివరి మాటను లాగలేకపోయాడు. మధ్యలో దగ్గు వచ్చింది. మరుసటి ఏడు చరణం మధ్యలోనే వచ్చింది. ఆ తర్వాత మెట్లెక్కితే, నీళ్ళ బిందె ఎత్తితే, నాతో మాట్లాడుతూ నడిస్తే వచ్చేది. షెడ్డులో ఇంకొందరికి కూడా దగ్గు పట్టుకుంది. అది దుమ్ము వల్లేనని పనివాళ్ళు గొణగడం మొదలుపెట్టారు.

ప్రకాశం సేటు షెడ్డు యజమాని మాత్రమే కాదు, మా సంఘంలో పెద్ద కూడా. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, ఆడవాళ్ళు ఇంకా చాపలు చుడుతుండగానే, పాస్టరుగారితో, మిగిలిన పెద్దలతో ఆయన గట్టిగానే అన్నాడు:

"దేవదానం మంచోడే అయ్యగారూ. కని చాటుకు బీడీలు తాగుతుండు. షెడ్డు ఎనుక నేను కండ్లార జూసిన. గా దగ్గు దానిదే."

మా సంఘంలో బీడీ పాపం. పాట ఎత్తేవాడి నోట్లో బీడీ మరీ పాపం. నాన్న జీవితంలో బీడీ ముట్టలేదు. ఆ వాసన గిట్టదని బస్సులో కూడా సీటు మారేవాడు. కానీ పెద్దలందరి చెవులకూ ఆ దగ్గు బీడీ దగ్గులాగే వినిపించింది. ప్రతి క్వార్టరులోనూ అలా దగ్గే ముసలివాళ్ళు ఉన్నారు, వాళ్ళ చేతుల్లో బీడీలూ ఉన్నాయి. పైగా చెప్పింది సంఘపెద్ద. ఒప్పుకొని పశ్చాత్తాపపడితే మళ్ళీ చేర్చుకుంటామన్నారు.

"తాగలే అయ్యగారూ," అన్నాడు నాన్న.

"ఒప్పుకుంటె అయిపోతది గద దేవదానం."

"తాగనిది ఎట్ల ఒప్పుకోవాలె? అప్పుడు అబద్ధమాడిన పాపం గాదా?"

ఆయనను పాట ఎత్తవద్దన్నారు. సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లలో చెయ్యి వేయవద్దన్నారు. తర్వాతి బల్ల రోజు ఆడవాళ్ళ వైపు నుంచి చూస్తున్నాను. రొట్టె పళ్ళెం మగవాళ్ళ వరసలో చేతులు మారుతూ వచ్చింది. నాన్న దగ్గరికి వచ్చేసరికి దాన్ని పట్టుకున్న ప్రకాశం సేటు చెయ్యి కాస్త పైకి లేచింది. పళ్ళెం నాన్న తల మీదుగా అవతలి మనిషికి పోయింది. నాన్న కళ్ళు మూసుకునే ఉన్నాడు. పళ్ళెం మా వైపు వచ్చినప్పుడు అమ్మ కూడా తీసుకోలేదు. ముసుగు సర్దుకుని పక్కామెకు అందించింది. నాకు అది ఇప్పటికీ గర్వం.

కంపెనీ దవాఖానకు మాకు కార్డు లేదు. బస్సెక్కి కరీంనగర్ వెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ నాన్న వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, ఛాతీ ఫోటో తీయించి, కిటికీ వెలుగుకు పట్టి చూసి, మొదట బీడీ గురించే అడిగింది. లేదన్నాడు. ఏం పని అని అడిగింది. చెప్పాడు. ఆమె ఫోటో కిందికి దించింది.

"ఇది దుమ్ము చేసిన పని," అంది. "ఊపిరితిత్తుల్లో దిగి గట్టిపడింది. పోయింది మళ్ళీ రాదు. ఉన్నదన్నా కాపాడుకోవాలి."

"బెల్లం తింటె దుమ్ము పోతదంటరు గద డాక్టరమ్మా?" అంది అమ్మ.

"బెల్లం కడుపులోకి పోతుందమ్మా. దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండూ వేరే దారులు."

"తొవ్వలే వేరా?" అంది అమ్మ. డాక్టరమ్మ చెప్పుకుంటూ పోయింది. డ్రమ్ముల్లోకి గాలి కొట్టకూడదట, తడి గుడ్డతో తుడవాలట. రాయి పక్కనే దుమ్మును లాగే గొట్టం ఉండాలట. తువ్వాల పనికిరాదట, ముఖానికి సందు లేకుండా అతుక్కునే మాస్కు కావాలట. పని బట్టలు షెడ్డులోనే విడిచి, కడుక్కుని ఇంటికి రావాలట. అప్పుడు ఆమె నా వైపు చూసింది.

"ఆ బట్టలు ఇంటి దగ్గర దులుపుతున్నారా?"

తిరుగు ప్రయాణమంతా అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. ఆ సాయంత్రం నుంచి ఆమె నాన్న పని బట్టలు దులపలేదు, ఉతకలేదు. విడిచిన జతను విడిచినట్టే మడిచి గోనె సంచిలో పెట్టి మూతి కట్టింది. రెండు పాత చొక్కాలు బాగుచేసి పనికి తొడుక్కోవడానికి ఇచ్చింది. లచ్చక్కతో గుమ్మంలో మెల్లగా మాట్లాడింది. లచ్చక్క షెడ్డులో పనిచేసేవాళ్ళ ఇళ్ళన్నిటికీ తిరిగి వాళ్ళ ఆడవాళ్ళతో మాట్లాడింది. ప్రతి ఇంట్లోనూ ఒక సంచి తయారైంది.

ప్రకాశం సేటు కొత్త ఇల్లు కట్టాడు. దానికి కృతజ్ఞత కూడిక పెట్టాడు. వాకిట్లో తెల్లటి షామియానా, తెల్ల గుడ్డలు పరిచిన బల్లలు, పెద్ద డేగిశాల్లో బగారా అన్నం, మటన్ కూర, సేమ్యా పాయసం. సంఘమంతా వచ్చింది. పాస్టరుగారు వాక్యం చెప్పి, ఈ ఇంటి మేలు గురించి ఎవరైనా సాక్ష్యం చెప్పండి అన్నారు. అమ్మ లేచింది.

"నాది గూడ ఒక సాక్ష్యం ఉన్నది అయ్యగారూ."

గేటు బయట లచ్చక్క, మిగతా ఆడవాళ్ళు సంచులతో నిలబడి ఉన్నారు. అమ్మ వెళ్ళి వాళ్ళతో కలిసి గాలి వచ్చే వైపు నిలబడింది. మూతులు విప్పారు. ఒక్కొక్క చొక్కా, ఒక్కొక్క ప్యాంటు రెండు చేతులా పట్టుకుని, సాయంత్రాలు మా గుమ్మాల్లో దులిపినట్టే టపటపా దులిపారు. షామియానా కిందికి బూడిద రంగు మేఘం నిదానంగా వచ్చింది. తెల్ల గుడ్డల మీద, పాయసం మీద, పెద్దల తెల్ల చొక్కాల మీద వాలింది.

అందరికంటే ముందు లేచింది ప్రకాశం సేటే. జేబులోంచి దస్తీ తీసి ముక్కూ నోరూ అదిమిపట్టుకుని అరిచాడు. "పీల్చకుండ్రి! ముక్కులు మూస్కోండ్రి! పిల్లల్ని జల్ది లోపలికి తీస్కపోండ్రి! అది మంచిది గాదు!"

అమ్మ చొక్కా దులపడం ఆపింది.

"మంచిది గాదా సేటూ? నీకెట్ల ఎరుక?" అంది. కొంగు ముడి విప్పి చెయ్యి చాపింది. "గింతదానికి ఫికర్ ఎందుకు? ఇగో బెల్లం. తిను. పోతది."

ఆయన దస్తీ తీయలేదు, బెల్లమూ అందుకోలేదు. తన మనవణ్ణి ఎత్తుకుని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. ఆ దుమ్ము అన్నెం పున్నెం ఎరగని అతిథుల మీద కూడా పడిందని తర్వాత చాలామంది అమ్మను తప్పుబట్టారు. పడింది. వాళ్ళ మీద ఒక్క మధ్యాహ్నం పడింది.

మరుసటి రోజు షెడ్డుకు ఎవరూ పోలేదు, ఆడవాళ్ళు పోనివ్వలేదు. లారీలు రోడ్డు పక్కన ఆగిపోయాయి. అప్పుడు వచ్చింది రాయి పక్కన గొట్టం, అప్పుడు వచ్చాయి మాస్కులు, గాలి పైపు అప్పుడు పక్కకు పోయింది. కొమురయ్య ఆ మాస్కు పెట్టుకుని ఇంటికి వచ్చి, అద్దంలో చూసుకుని, "లచ్చీ, నన్ను గుర్తువట్టినవా?" అంటే లచ్చక్క, "ఇట్లనే మంచిగున్నవ్, తియ్యకు," అంది. నాన్నను మాత్రం సేటు మళ్ళీ పనికి పిలవలేదు. ఆయన అప్పటికే రాయి ముందు నిలబడే స్థితిలో లేడు.

సంఘంలో బీడీ మాటను ఎవరూ వెనక్కి తీసుకోలేదు. దుమ్ము గురించి సేటు నోటి మాట వాకిట్లో అందరూ విన్నారు, దాన్ని మందిరంలో ఎవరూ అనలేదు. కొత్తగా వచ్చిన పాస్టరు ఏమీ అడగకుండా నాన్నకు మళ్ళీ రొట్టె ఇచ్చాడు. అంటే పాపి తిరిగొచ్చాడన్నట్టే అందరూ చూశారు. పిల్లలు నన్ను "బీడీ దేవదానం బిడ్డ" అనేవాళ్ళు. నాన్న చివరి రోజుల్లో దిండ్లకు ఆనుకుని, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ, "ఇడిసిపెట్టు రూతమ్మా... దేవుడు జూస్కుంటడు," అన్నాడు.

"జూస్కుంటడు," అంది అమ్మ. "నేను గూడ జూస్త."

ఆమె చూడకుండానే ప్రభువు దగ్గరికి వెళ్ళింది. ఆ చూపు నాకు మిగిలింది.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు, దాని చోట సెల్‌ఫోన్ల దుకాణాలు వచ్చాయి. మా రేకుల గది లేదు. బొగ్గుల పొయ్యి పొగలో జడలు లాగే పిల్లలు లేరు, ఇంటింటికీ గ్యాసు వచ్చింది. తునికి పండ్ల గంపలు సందుల్లోకి రావడం మానేశాయి. మందిరంలో కీబోర్డు, స్పీకర్లు వచ్చాయి, చివరి మాటను లాగడానికి ఎవరి ఊపిరీ అక్కర్లేదు. ప్రకాశం సేటు మాత్రం ఉన్నాడు. నిన్నమొన్నటిదాకా ముందు వరసలో నిలబడి, ముసలితనంలో కూడా గొంతెత్తి పాడాడు. ఆయన పాడే ప్రతి చరణాన్నీ వెనక కూర్చుని విన్నాను.

పోయిన వారం ఇప్పటి పాస్టరుగారు మా ఇంటికి వచ్చారు. సేటు మంచం పట్టాడట, నన్ను చూడాలంటున్నాడట. వెళ్ళాను. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని పడుకుని ఉన్నాడు.

"అప్పట్ల మాకెవరికి ఎరుకలేదు బిడ్డా," అన్నాడు.

"ఎరుకే సేటూ. దస్తీ అడ్డం వెట్టుకున్నవ్."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. తర్వాత, "బీడీ మాట గూడ... నేనే అన్న," అన్నాడు.

"నాతోని గాదు. మందిరంల చెప్పు."

"నిలవడలేను బిడ్డా."

"కూసోనే చెప్పు."

పాస్టరుగారు నా వైపు తిరిగారు. "అక్కా, దేవుడు ఇక్కడ గూడ వింటడు గద?"

"దేవుడు అప్పుడు గూడ విన్నడు అయ్యగారూ. సంఘం ఇనాలె. అక్కడ అన్నడు, అక్కడ్నే అనాలె."

సేటు తల ఊపాడు. వచ్చే నెల మొదటి ఆదివారం బల్ల ఉంది, చక్రాల కుర్చీలో తీసుకొస్తామని ఆయన కొడుకు అన్నాడు. డాక్టర్లు అప్పటిదాకా ఉంటాడో లేదో అంటున్నారు.

మీరు ఏ ఊళ్ళో ఉన్నా, ఏ సంఘానికి చెందినవారైనా, నాతో పాటు తల వంచండి. ఆయన బాగుపడాలని అడగమని మిమ్మల్ని అడగను, అది నా నోటికి రావడం లేదు, రానిదాన్ని దేవుని ముందు నటించను. ఇంత మాత్రం నాతో కలిసి అడగండి: ప్రభువా, ఆ ఆదివారం దాకా ఆ మనిషి ఊపిరి నిలబెట్టు. దేవదానం బీడీ తాగలేదు, ఆ దుమ్ము సంగతి నాకు ముందే తెలుసు అని అందరి ముందు పూర్తిగా చెప్పేదాకా ఆయనకు దగ్గు రానివ్వకు, మాట తెగనివ్వకు. ఆ తర్వాత నీ చిత్తం. ఆమేన్ అనండి.